బాతు ముక్కు

రోజూ తన కళ్లద్దాల దుకాణం తెరవగానే ఆయన అద్దాలు తుడిచే గుడ్డతోనే కంప్యూటర్ తెర తుడిచి, పరిశీలన కోసం వేచి ఉన్న క్యూలో తన ప్రోగ్రాం ఎంత ముందుకు జరిగిందో చూస్తాడు. అక్షరాలు రాని పిల్లలకు బొమ్మలు చూపి చూపు పరీక్షించే ప్రోగ్రాం అది. కంప్యూటర్లను నడిపే లైనక్స్‌ను ఉచితంగా పంచే బృందం దాన్ని తమ ప్రోగ్రాంల భాండాగారంలో చేర్చుకుంటే, ఏ మారుమూల క్లినిక్‌వాళ్లైనా దించుకోవచ్చు. మూడు నెలలు కళ్లు కాయలు కాచాక ఈ ఉదయం పరిశీలకుల జవాబు వచ్చింది: “అంతా బాగుంది. బాతు బొమ్మ గీసినవారి అనుమతి ఒక్కటే లేదు. అది పంపితే రేపే చేర్చేస్తాం. బొమ్మ మారిస్తే మాత్రం మళ్లీ క్యూ చివరికే.”

గీసింది ఆయన వదినే. ఇంటికెళ్లి బొమ్మా, అనుమతి కాగితమూ ముందు పెడితే పగలబడి నవ్వింది. “బాతుకి కూడా సంతకమేంటయ్యా?”

“గీసినవాళ్ల పేరు అందులో ఎప్పటికీ ఉండిపోతుంది వదినా.”

ఆమె నవ్వు ఆగింది. తడిచేతులు తుడుచుకుని బొమ్మను చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుంది. “ముక్కు వంకరగా లేదూ?”

ఊరందరి చూపూ పరీక్షించే మనిషికి వదిన చూపు సంగతి అప్పుడే తట్టింది. తన చదువుకునే కళ్లద్దాలు తీసి ఆమెకు పెట్టి, “ఇప్పుడు చూడు, నిక్షేపంగా ఉంది” అన్నాడు ఆశగా.

“ముక్కొక్కటేనా? కాళ్లు కూడా వంకరే! నా పేరుతో ఇది పంపకు, మళ్లీ గీస్తాను.”

క్యూ చివరికి మళ్లీ నడవాల్సిన ఆయన, హుషారుగా పెన్సిల్ చెక్కడానికి కూర్చున్నాడు.