అమ్మ గీసిన సింహం, నేను రాసిన కాగితం

ప్రభువును నమ్ముకున్నవాళ్లు దిష్టి తీయించుకోవచ్చునా, మంత్రం వేయించుకోవచ్చునా, రెండూ ఒకే గుండెలో ఇముడుతాయా అని మా సంఘంలో కుర్రవాళ్లు నన్ను అడుగుతుంటారు. ముసలివాణ్ణి కాబట్టి తెలిసే ఉంటుందని వాళ్ల భ్రమ. నేను గొంతు సవరించుకుని మా అమ్మ కథ మొదలుపెడతాను. ముప్పై ఏళ్లుగా చెబుతున్నాను. చెప్పినప్పుడల్లా కాస్త పెరిగింది.

పెరిగిన కథ ఇదీ. పెనుకొండ చర్చిలో ఆదివారం ఆరాధన నడుస్తోంది. సంఘపెద్ద ఒకాయన లేచి, మా అమ్మ అక్కి రాస్తోందనీ, అది సైతాను పని అనీ, ఆమెకు ప్రభు భోజనం ఆపాలనీ అన్నాడు. ఇరవై రెండేళ్ల నేను చాప మీదనుంచి లేచి, నేరుగా పోయి, ఆయన చొక్కా వెనకనుంచి పైకెత్తాను. నడుం మీద మా అమ్మ గీసిన ఎర్ర సింహం! దాని తోక చుట్టూ తిరిగి బొడ్డు దాకా వచ్చింది. సంఘమంతా గొల్లుమంది. పెద్దమనిషి చొక్కా దించుకోవడం కూడా మరిచి, ధర్మవరం పోయే రైలెక్కాడు.

తోక మూడోసారి చెప్పినప్పుడు పుట్టింది. రైలు ఇంకా తరువాత వచ్చింది. చొక్కా ఎత్తడమూ జరగలేదు. ఆ పొద్దు నేను చాప మీదనుంచి లేవనే లేదు. సింహం మాత్రం నిజం. అది గీసేటప్పుడు ఎర్రమన్ను గిన్నె పట్టుకున్నది నేనే.

అక్కి అంటే నడుం చుట్టూనో రొమ్ము మీదనో నిప్పు పోసినట్టు పొక్కులు లేచే జబ్బు. గుడ్డ తగిలినా ప్రాణం పోతుంది. మా వైపు దానికి కుమ్మరివాళ్ల దగ్గరికి పోతారు. వాళ్లు గోడలకు పూసే ఎర్రమన్ను, జాజును, నీళ్లలో నూరి, వేపపుల్లతో పొక్కుల చుట్టూ సింహం బొమ్మ గీస్తారు. ఆదివారం గీయాలి, మంగళవారం గీయాలి. ప్రతిఫలం తీసుకోకూడదు. గీయించుకున్నవాడు పోయొస్తానని చెప్పకుండా లేచి పోవాలి.

మా అమ్మ కుమ్మరింటి బిడ్డ. నాయనను నమ్మి, నాయన నమ్మిన దేవుణ్ణి నమ్మి, కట్టుబట్టలతో వచ్చేసింది. సోమందేపల్లి దగ్గర పుట్టిల్లు. పెనుకొండకు ఎంతో దూరం లేదు, కానీ మళ్లీ ఆ గడప తొక్కనివ్వలేదు. వాళ్లమ్మ చనిపోతే మూడు దినాలు దాటాక సంతలో ఎవరో చెప్పారు. పుట్టింటినుంచి ఆమెతో వచ్చినదల్లా ఆ గీతలే. నాయన బతికినంతకాలం ఏమీ అనలేదు. ఆయన పోయాక కూడా ఆమె గీస్తూనే ఉంది. మార్చింది ఒకటే. వాళ్లమ్మ సింహం నుదుటిన నిలువుబొట్టు పెట్టేది. మా అమ్మ దాన్ని సిలువ చేసింది.

దానితో రెండు పక్కలా తిట్లే. వచ్చిన రైతులు, “ఏమ్మా, సింహానికి కిరస్తానం ఇచ్చినావా? మందు పారుతుందా ఇట్లయితే?” అనేవాళ్లు.

“పారకుంటే మంగళవారం రా. అప్పుడు తిడుదువు. ఇప్పుడు కదలాకు, మూతి వంకర పోతాది.”

“నా మూతా?”

“సింహానిదప్పా. నీది ముందే వంకర కదా.”

అంత బాధలోనూ వాళ్లు నవ్వేవాళ్లు. ఆమె పెదవులు కదులుతూ ఉండేవి. ప్రార్థనే. దగ్గర కూర్చుని విన్నవాణ్ణి నేను.

ఆ సంఘపెద్ద నడుం మీద అక్కి లేచి పెరటి దారిన వచ్చాడు, పందొమ్మిదివందల యాభైల చివర ఒక ఎండాకాలం. రెండు ఆదివారాలు, ఒక మంగళవారం. తగ్గింది. తగ్గిన తరువాత ఆయనకు భయం పట్టుకున్నట్టుంది, ఎవరైనా చూశారేమోనని. ఎవరూ అడగకముందే తానే మా అమ్మ మీద ఫిర్యాదు చేశాడు. ఆయన్ను నేను పెద్దగా తప్పుపట్టను. అలాంటి భయం ఎంత పని చేయిస్తుందో నాకు తెలుసు.

పాస్టరు అయ్యగారు ధర్మవరంలో ఉండేవారు. నెలకొకసారి మా చర్చికి వచ్చి ప్రభు భోజనం, అంటే రొట్టె, ద్రాక్షారసం, ఇచ్చేవారు. కఠినుడు కాదు. ఆ నెల ఆరాధన అయ్యాక మా ఇంటి అరుగు మీద కూర్చుని మెల్లగానే అడిగారు.

“రెండు పడవల మీద కాళ్లు పెట్టకూడదు కదమ్మా?”

“పడవ నేను చూసిందే లేదయ్యగారూ. మన పక్క నీళ్లు యాడ ఉండాయి?”

ఆయన నవ్వాపుకున్నారు. “ప్రార్థనతో పోదా రోగం? ఆ గీతలు ఎందుకు?”

అమ్మ కొంగు అంచు మడిచి విప్పింది. “ప్రార్థన చాలు అయ్యగారూ. గీతలు మా అమ్మవి,” అంది.

 తప్పు ఒప్పుకుని, మానేస్తానని కాగితం రాసి ఇమ్మన్నారు. అది సంఘం ముందు చదివాక ప్రభు భోజనపు బల్ల దగ్గరికి రావచ్చు. అంతదాకా వద్దు.

అమ్మకు ఆ బల్ల ఎంతటిదో చెప్పకపోతే మీకీ కథ అర్థం కాదు. పుట్టింట్లో ఆమెకు ముద్ద పెట్టేవాళ్లు లేరు. ఈ వైపు బంధువులు పెళ్లిళ్లలో ఆమెను కడపటి బంతిలో కూర్చోబెట్టేవాళ్లు. నెలకొకసారి, ఆ బల్ల దగ్గర మాత్రం, అందరితో సమంగా మోకరించి, అందరూ తిన్న రొట్టెలోని ముక్కే తినేది. ముందురోజు నుంచే ఉపవాసం. ఆ రోజు కట్టే చీర ఇంకెప్పుడూ కట్టేది కాదు. అందుకే, మూడు దినాలు ఆలోచించి, గీతలు మానుకుంటానంది.

నేనప్పటికి హిందూపురంలో మిషను బడిలో టెంపరరీ పంతులును. తరువాతి శనివారం సంఘపెద్ద బెల్లం మండీకి వచ్చినవాడు బడి దాకా వచ్చి నన్ను బయటికి పిలిచాడు.

“ఏమబ్బా, కాగితం నువ్వే రాస్తావంటనే?”

“అవునన్నా.”

“మెత్తగా రాసేవు. అమ్మ, అవ్వ, వాళ్ల తరమంతా దయ్యాలను కొలిచినోళ్లే, నేనూ కొలిచినా, ఇప్పుడు వాళ్లను విడిచిపెడుతున్నా అని ఉండల్ల. నీ పర్మనెంటు కాగితం కూడా మా బడి కమిటీ ముందరే ఉండాది. యాదుంటే చాలు.”

ఆయన నా చేయి పట్టుకుని రాయించాడని ఒకప్పుడు చెప్పేవాణ్ణి. ఎవరూ పట్టుకోలేదు. ఆయన అంతమాట అనకపోయినా నేను అట్లాగే రాసి ఉండేవాణ్ణేమో. అది ఇప్పటికీ తేల్చుకోలేదు.

సాయంత్రం ప్యాసింజరుకు పెనుకొండలో దిగాను. వెలుగుండగానే అమ్మ నన్ను అరుగు మీద కూర్చోబెట్టి చెప్పింది: “రాయి నాయనా. నాకు ప్రభువు ఒక్కడే. అక్కి రాసేది ఈ పొద్దుతో చాలిస్తాండా. మా అమ్మ చెడ్డది కాదు. అంతే. ఎక్కువ వద్దు.”

నేను సంఘపెద్ద చెప్పింది రాశాను. అమ్మకు అక్షరం రాదు. రాసినది ఒకసారి చదవమంది. ఆమె చెప్పిన మాటలే, కాగితంలో లేని మాటలే, వేలు పెట్టి వరస తప్పకుండా చదివాను. “మా అమ్మ చెడ్డది కాదు” అన్నచోట గొంతు కూడా కాస్త వణికించాను. ఆమె కళ్లు తుడుచుకుంది. నా పెన్నులో సిరా ఆమె బొటనవేలికి పూసి ముద్ర వేయించాను.

తరువాతి నెల అయ్యగారు దాన్ని సంఘం ముందు చదివారు. నేను మగవాళ్ల వైపు మూడో వరసలో ఉన్నాను. “నా తల్లియు, నా తల్లి తల్లియు దయ్యములను సేవించిన వారు” అన్న వాక్యం వచ్చింది. ఆడవాళ్ల వైపు చూడకుండా ఉండాలని గోడకున్న బల్లిని చూస్తూ కూర్చున్నాను. చదవడం అయిపోయింది. అందరూ ఆమేన్ అన్నారు. నేనూ అన్నాను.

“రామ్మా,” అని అయ్యగారు పిలిచారు.

అమ్మ కదలలేదు. పక్కనున్న ఆమె, “పోక్కా, నిన్నే పిలుస్తాండారు,” అని పొడిచింది.

“మోకాళ్లు పట్టుకున్యాయి,” అంది అమ్మ.

పాపం, మిగతా అందరికీ ఇచ్చాక ఆయన రొట్టె పళ్లెం పట్టుకుని చాప దగ్గరికే వచ్చారు. ఆమె తల వంచి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన పళ్లెంతో వెనక్కి పోయారు. అప్పటికే నా నోట్లో రొట్టె ఉంది.

ఇంటికి వచ్చాక తిడుతుందనుకున్నాను. సంగటి ముద్ద నా తట్టలో పెట్టి, “నీ అక్షరాలు బాగుంటాయి నాయనా. అయ్యగారు యాడా తడబడకుండా చదివినాడు,” అంది.  మరో రెండు నెలల్లో నా ఉద్యోగం పర్మనెంటు అయింది.

ఆమె అక్కి రాయడం నిజంగానే మానేసింది. ధర్మవరం నుంచి ఒక మగ్గం పనివాడు భార్యను జట్కాలో తెచ్చాడు. రవిక వేసుకోలేక చీర ఒక్కటే చుట్టుకుని వచ్చిందా పిల్ల. “హిందూపురం ఆస్పత్రికి పొండి,” అని అమ్మ తలుపు మూసింది. బయట ఆమె ఏడుస్తున్నంతసేపూ లోపల అమ్మ తలుపుకు ఆనుకుని నిలబడే ఉంది. చర్చికి మాత్రం ఒక్క ఆదివారం తప్పలేదు. కడపటి చాప మీద కూర్చునేది. చాప దాకా పళ్లెం వచ్చినా పక్కకు జరిపేది. గీతలూ పోయాయి, బల్లా పోయింది. రెండింటికీ నడుమ ఏమీ లేనిచోట కూర్చుంది మా అమ్మ, ఆరేడేళ్లు.

అరవైల్లో కొత్త అయ్యగారు వచ్చారు. చిన్నవాడు. ఈ సంగతి విని సైకిలు మీద ఇంటికి వచ్చి, “పాత కాగితాలతో నాకు పనిలేదమ్మా. వచ్చే ఆదివారం రండి,” అన్నాడు.

“నాకు తగదయ్యగారూ,” అంది అమ్మ. ఎంత అడిగినా అదే మాట.

ఆయన బయటికి పోయాక నేను అడిగాను. అంతకాలానికి మొదటిసారి అడిగాను. “ఎందుకమ్మా, పిలిస్తే పోకూడదా?”

“ఎట్ల పోదురా? ఆ ముద్ర నాదే. రాసింది నిజమంటే మా అమ్మ దయ్యమయితాది. అబద్ధమంటే నువ్వు దొంగవయితావు. ఏదో ఒకటి అనకుండా ఆడ నోరు తెరిచేదెట్ల?”

బయట అయ్యగారు ఇంకా పోలేదు. సైకిలు చెయిన్ ఊడి, కంచె దగ్గర కూర్చుని ఎక్కించుకుంటున్నాడు. నేను పోయి హ్యాండిలు పట్టుకున్నాను. చాలాసేపే పట్టింది. ఒక్క మాట చెప్పడానికి కావలసినంత సేపు. ఆయన చేతులు తుడుచుకుంటూ, “అమ్మగారి మనసులో ఏదో ఉన్నట్టుంది. మీకేమైనా తెలుసా?” అని అడిగాడు.

“వయసు అయ్యగారూ,” అన్నాను.

అమ్మ ఆ తరువాత పదకొండు నెలలు బతికింది. పదకొండు సార్లు పళ్లెం ఆమె ముందునుంచి జరిగి పోయింది. నేను ప్రతిసారీ తిన్నాను.