బోధకురాలు అనే ఒక్క మాట

విశ్వవిద్యాలయంలో ఆమెను అందరూ ‘అభ్యంతరం మేడం’ అంటారు. ఎదురుగా కాదు, వెనకాల. ఆదివాసీ విద్యా విభాగానికి ఆమె అధిపతి. విభాగమంటే రెండో అంతస్తులో జిరాక్సు గదిని ఆనుకుని ఒక గది, రెండు బల్లలు, పక్క విభాగం వాళ్ళు తమ విరిగిన కుర్చీలు తెచ్చి పడేసే ఒక మూల. ఏ సభ జరిగినా ఫోన్ వస్తుంది: “మీ పెద్దల్ని నలుగుర్ని పంపండి మేడం, ముందు వరసలో కూర్చోబెడతాం.” నిర్ణయాలు జరిగే రోజున మాత్రం ఆ ఫోన్ మోగదు.

తన కొండ జనంలో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమె. పదకొండేళ్ళ ఉద్యోగంలో గట్టిగా సాధించుకున్నది ఒకటే, ఏడుగురు పెద్దలతో ఒక మండలి. వాళ్ళ భాష గురించి గానీ, కథల గురించి గానీ ఏ పాఠం పెట్టాలన్నా మండలి సంతకం ఉండాలని నిబంధనల్లో రాయించింది. ఆ ఒక్క వాక్యం కోసం రెండేళ్ళు కాళ్ళరిగేలా తిరిగింది.

మండలి మొదట అడిగింది చిన్న కోరికే. తమ భాషను ఇక్కడ పాఠంగా చెప్పాలి, చెప్పేది పిన్ని కావాలి. పిన్ని అంటే ఆమె తల్లికి సొంత చెల్లెలు, బడి గుమ్మం తొక్కని మనిషి. కొండ మీద మూడు తరాల పిల్లలు ఆవిడ దగ్గరే మాటలు దిద్దుకున్నారు. చుట్టరికం ఉంది కాబట్టి ఆ చర్చ జరిగినంతసేపూ ఆమె గది బయటే నిలబడింది.

పాఠాల కమిటీ నాలుగుసార్లు వాయిదా వేసింది. ఒకసారి సభ్యులు చాలలేదు, ఒకసారి ఫారం మారింది, ఒకసారి ఫైలే కనబడలేదు. నాలుగోసారి పిన్ని సర్టిఫికెట్లు అడిగారు.

“ఆవిడకి డిగ్రీ లేదు కదా మేడం,” అని రిజిస్ట్రారు నీళ్ళు నమిలాడు.

“ఆ భాషలో డిగ్రీ ఇచ్చేవాళ్ళెవరున్నారు సార్? ఇస్తే ఆవిడే ఇవ్వాలి.”

“మీరన్నది నిజమేననుకోండి. కానీ రూల్సు...”

ఐదోసారి ఆమోదం వచ్చింది. ఆమె ఉత్తరం విప్పి రెండుసార్లు చదివింది. బోధకుడు: భాషాశాస్త్రం ప్రొఫెసరు. సహాయకురాలు: పిన్ని. ఇరవై ఏళ్ళ క్రితం పిన్ని అరుగు మీద నలభై రోజులు కూర్చుని, ఆవిడ మాటలు రికార్డు చేసుకుని, వాటి మీదే డాక్టరేటు తెచ్చుకున్న మనిషి ఆ ప్రొఫెసరు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

సాయంత్రం పిన్నికి ఫోన్ చేసింది. పిన్ని పకపకా నవ్వింది.

“మన మాటలో కళ్ళారా చూసింది ఒకలా చెప్తాం, విన్నది ఇంకోలా చెప్తాం కదే! ఆ అబ్బాయి పుస్తకంలో రెండూ కలిపేశాడు. పక్కన కూర్చుని నేనేం సాయం చెయ్యను, చాక్‌పీసులు అందించనా?”

“ఒప్పుకుంటే కనీసం పాఠమైనా మొదలవుతుంది పిన్నీ.”

“నన్నడుగుతావేం? మండలినడుగు. అందుకేగా పెట్టించావు!”

మండలి సంతకం పెట్టనంది. ముందు మొదలుపెట్టి తర్వాత పోట్లాడదామన్నది ఒకే ఒక్క ముసలాయన. లోలోపల ఆమెదీ అదే మాట. అయినా పెదవి విప్పలేదు. నిరాకరణ పత్రం తన చేత్తోనే రాసి పంపింది. పాఠం రద్దయింది. “మీవాళ్ళే వద్దన్నారు, మేమేం చేస్తాం?” అని రిజిస్ట్రారు చేతులు దులుపుకున్నాడు.

ఆ పాఠానికి పేర్లు ఇచ్చుకున్న ఇరవై ముగ్గురు విద్యార్థుల్లో చివరి సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి నేరుగా ఆమె గదికే వచ్చింది. “మా అమ్మమ్మతో ఆవిడ భాషలో మాట్లాడాలని పేరిచ్చాను మేడం. ఒక్క మాట దగ్గర పట్టుబట్టి మొత్తం పోగొట్టారు.”

ఆ పిల్ల వెళ్ళాక ఆమె పాత నియామకాల ఫైళ్ళు తిరగేయడం మొదలుపెట్టింది. మూడు నెలలకు దొరికింది. సంగీత విభాగంలోని వయొలిన్ మాస్టారికి డిగ్రీ లేదు. అనుభవం చూసి బోధకుడిగా తీసుకోవచ్చనే నిబంధన కింద తొమ్మిదేళ్ళ క్రితం చేర్చుకున్నారు. ఆ కాగితం కమిటీ ముందు పెట్టింది.

“ఈ నిబంధన ఉందని మాకెవరూ చెప్పలేదే,” అన్నాడు రిజిస్ట్రారు.

“దాని కింద సంతకం మీదే సార్.”

పిన్ని బోధకురాలైంది. అయితే ఒక్క ఏడాదికే. మార్కులు వేసే అధికారం మాత్రం ప్రొఫెసరుకే ఉంచారు. గెలిచానని సంతోషించాలో, మళ్ళీ మోసపోయానని ఏడవాలో ఆమెకు తెలియలేదు. ఈసారి మండలి సంతకం పెట్టింది. ఆమె కోరుకున్నట్టే, పెట్టి పోట్లాడదామంది.

మొదటి రోజు తొమ్మిదిమంది వచ్చారు. పిన్ని బల్ల వెనక కూర్చోకుండా కుర్చీ పిల్లల మధ్యకు లాక్కుంది. తలుపు దగ్గర నిలబడి చూస్తున్న ఆమెకు అమ్మమ్మతో మాట్లాడాలన్న ఆ అమ్మాయి గుర్తొచ్చింది. చదువు ముగించుకుని ఎప్పుడో వెళ్ళిపోయింది. ఆమె వరండాలోకి వచ్చి ఆ పిల్లకి ఫోన్ చేసింది.

“పాఠం మొదలైందమ్మా. వీలున్నప్పుడు వచ్చి ఊరికే కూర్చో.”

“ఉద్యోగంలో చేరాను మేడం. సెలవు దొరకదు,” అంది ఆ పిల్ల. కోపంగా కాదు, ముక్తసరిగా.

ఆమె గదికి వెళ్ళి, మార్కులు ఎవరు వేయాలనే విషయం మీద కొత్త అర్జీ రాయడానికి కూర్చుంది.