జంట మాస్టారి ఈగలు

పక్కన ఇంకోటి పెట్టి పోల్చి చూడనిదే జంట మాస్టారు దేన్నీ నమ్మరు. మార్చినదాని పక్కన మార్చనిదాన్ని పెట్టుకోవడం ప్రయోగశాలల్లో మామూలే. ఆ రెండోదాన్ని కంట్రోల్ అంటారు. మిగతావాళ్లు సాయంత్రం కాగానే ఆ అలవాటును తెల్లకోటుతో పాటు కొక్కేనికి తగిలించి ఇంటికి పోతారు. మాస్టారు మాత్రం ఇంటికి కూడా వెంటబెట్టుకుని వెళ్లేవారు.

కొత్త బూట్లు కొంటే వారం రోజులు ఎడమకాలికి కొత్తది, కుడికాలికి పాతది. "మీ ఉపన్యాసం బాగుంది మాస్టారూ" అంటే, "వినకుండా ఉంటే ఎలా ఉండేదో చూశారా?" అని నిజంగానే అడిగేవారు.

ఒకసారి భార్యాభర్తలిద్దరికీ జలుబు చేసింది. మాస్టారు మాత్ర చేతిలోకి తీసుకుని భార్యను ఆపారు.

"నువ్వు వేసుకోకు. ఇద్దరం వేసుకుంటే మందు పనిచేసిందో, జలుబు దానంతటదే పోయిందో ఎలా తెలుస్తుంది?"

"నిజమేనండీ" అని ఆవిడ ఆ మాత్ర లాక్కుని తనే మింగేసింది. మాస్టారు మూడు రోజులు తుమ్మారు. ఎన్ని తుమ్మారో పుస్తకంలో రాసుకున్నారు కూడా.

ఆయన దగ్గర పనిచేసే పరిశోధకుల్లో అందరికన్నా చిన్నది చివరి బల్ల అమ్మాయి. పళ్ల మీద ముసిరే బుల్లి ఈగల మీద ఆమె పని. కణం చచ్చిపోయే ముందు దానిలో ఒక ఎంజైము నిద్రలేచి కత్తెర పట్టుకుంటుంది. ఆ కత్తెర పడగానే ఆకుపచ్చగా వెలిగే ప్రోటీను ఒకటి ఆమె ఈగల కణాల్లో ఉంది. పురుగు దశలో ఉన్న ఈగ నుంచి, రేపు రెక్క కాబోయే చిన్న తిత్తిని తీసి, అది బతికుండగానే మైక్రోస్కోపు కింద పెట్టి, ఏ కణం ఎప్పుడు వెలుగుతుందో గంటల తరబడి చూడాలి. రెండేళ్లు చూశాక ఆమెకు ఒక వింత కనబడింది. కొన్ని కణాలు వెలిగాయి, మెల్లగా ఆరాయి, చావకుండా నిక్షేపంగా బతికాయి.

మంగళవారం ఆ పని మీద సమీక్ష. కమిటీ పెద్దావిడ ముందే కబురు పెట్టింది: "ఆ వెలుగు ఎంజైముదేనా, లేక మీ మైక్రోస్కోపు దీపానికి కణాలు కమిలి వెలిగాయా? తేల్చకపోతే ఈ పని ఆపేద్దాం." పని ఆగితే అమ్మాయి ఉద్యోగమూ ఆగుతుంది.

తేల్చడానికి దారి ఉంది. కత్తెర పడే చోటు చెరిపేసిన ప్రోటీనున్న ఈగలు వేరే ఉంటాయి; ఆమె పనికి అవే కంట్రోల్. ఎంజైము లేచినా అవి వెలగవు. అదే దీపం కింద అవి చీకటిగా ఉంటే అమ్మాయి గెలిచినట్టే. గురువారం పొద్దున ఆ సీసాల కోసం ఆమె తన బీరువా తెరిచింది. మేత ఎండి పెచ్చులు కట్టింది. ఈగలన్నీ అడుగున పడి ఉన్నాయి. రెండు వారాలకోసారి వాటిని కొత్త మేత ఉన్న సీసాల్లోకి మార్చాలి. వెలిగే ఈగలకు వేళ తప్పకుండా మార్చింది. ఏమీ చేయని ఈగల్ని ఎవరు గుర్తు పెట్టుకుంటారు? బయటినుంచి తెప్పించాలంటే మూడు వారాలు పడుతుంది.

ఇంకెవరికైనా చెప్పొచ్చు. కంట్రోల్ చచ్చిపోయిందని ఈయనకెలా చెప్పడం? కాళ్లీడ్చుకుంటూ ఆయన గదికి వెళ్లింది. చక్కెర వేసిన కాఫీ ఒకటి, వేయనిది ఒకటి ముందు పెట్టుకుని మాస్టారు గుక్క మార్చి గుక్క తాగుతున్నారు.

"మాస్టారూ, నా కంట్రోల్ ఈగలు చచ్చిపోయాయండీ."

"అన్నీనా?"

"అన్నీ. సీసాలు మార్చడం మర్చిపోయాను. తిట్టండి, పడతాను."

"తిడితే ఏమవుతుందో చాలాసార్లు చూశాను. ఈసారి తిట్టకుండా చూద్దాం. రా."

వెనక సామాన్ల గదిలోకి తీసుకెళ్లి, ఇనప బీరువా ఒక తలుపు తెరిచి మూడు సీసాలు ఆమె చేతిలో పెట్టారు. వాటి మీద ఆమె కంట్రోల్ ఈగల నంబరే ఉంది. గాజుగోడల మీద పురుగులు హుషారుగా పాకుతున్నాయి.

"నువ్వు చేరిన కొత్తలో నీ ఈగల్లో కొన్ని తెచ్చుకున్నాను. అప్పట్నుంచీ గురువారం గురువారం సీసాలు చూస్తున్నాను."

"మీరు ఈ గదిలో కునుకు తీస్తారని అనుకునేవాళ్లం!"

"అదీ ఒక గురువారం చేసి చూశాను. నడుం పట్టేసింది."

నాలుగు రోజులు అమ్మాయి మైక్రోస్కోపు వదల్లేదు. అదే దీపం, అన్నే గంటలు. ఈ తిత్తులు ఒక్కసారి కూడా వెలగలేదు. మంగళవారం పెద్దావిడ ఆ చీకటి బొమ్మల్ని ఒక్కొక్కటే తిప్పి చూసి, "సరే, వెలుగు ఎంజైముదే. పని సాగనివ్వండి" అంది.

అమ్మాయి ఒక్క పరుగున మాస్టారి గదికి వచ్చింది. ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వస్తున్నాయి.

"నా ఉద్యోగం నిలబెట్టారు మాస్టారూ. నా ఒక్కదాని కోసం ఇన్నాళ్లూ ఇంత కష్టపడ్డారా!"

మాస్టారు విస్తుపోయారు.

"నీ ఒక్కదాని కోసం చేస్తే దానికి కంట్రోల్ ఏదమ్మా?"

మళ్లీ సామాన్ల గదికి తీసుకెళ్లి ఈసారి బీరువా రెండో తలుపు తెరిచారు. పదకొండు మంది పరిశోధకుల ఈగలూ అరలనిండా ఉన్నాయి. అట్టడుగు అరలో, నాలుగేళ్ల కిందట ఆయనతో నానా మాటలూ అని తలుపు ధడాలున వేసి వెళ్లిపోయిన వాడివి కూడా.

"వీటినెందుకు మాస్టారూ ఇంకా?"

"ఎప్పుడైనా వచ్చి అడుగుతాడేమోనని" అంటూ మాస్టారు ఆ సీసా తీసి, కొత్త మేత ఉందో లేదో చూసుకున్నారు.