సొంతవాక్యంలో ప్రయోగించండి

శనివారం మధ్యాహ్నం రెండింటి బస్సులో, డ్రైవరు వెనక మూడో వరస, కిటికీ పక్క సీటు ఆమెది. టిక్కెట్టు మీద అలా రాసి ఉండదు. కానీ ఎవరైనా అందులో కూర్చోబోతే కండక్టరు ఊరుకోడు. "లేవండి, టీచరమ్మ వస్తుంది" అంటాడు. తొమ్మిదేళ్ళుగా ఇదే వరస. అయిదు గంటల దారి. అవతలి ఊళ్ళో నీళ్ళ పంపుహౌసులో ఆపరేటరుగా చేసే భర్త ఉంటాడు. ఆదివారం సాయంత్రం అయిదింటికి మళ్ళీ బస్సెక్కి, బడి పక్కన అద్దెకున్న ఒంటిగదికి తిరిగొస్తుంది.

"మా కాపురం వారానికి ఇరవై రెండు గంటలు అన్నయ్యా. అందులో నిద్రే ఎనిమిది" అంది, నేను పక్కన కూర్చున్న మొదటి శనివారమే. ఆ తరవాత ఎన్నో శనివారాలు ముక్కలు ముక్కలుగా చెప్పింది. వాటినే ఇక్కడ ఒకచోట చేరుస్తున్నాను.

పిల్లలు ఆమెకి పెట్టిన పేరు నుడికారం టీచరు. ఏడో తరగతికి తెలుగు చెబుతుంది. జాతీయం చెప్పేటప్పుడు అర్థంతో మొదలుపెట్టడం ఆమెకి గిట్టదు. చెవిలో జోరీగ గురించి చెప్పాలనుకోండి, ఒక పిల్లని లేపి పక్కపిల్ల చెవి దగ్గర నిలబెట్టి, "పెన్సిలివ్వవా, పెన్సిలివ్వవా" అని ఆపకుండా అడగమంటుంది. మూడో నిమిషానికి రెండోపిల్ల చెవులు మూసుకుని లేచిపోతుంది. ఇక ఆ జాతీయానికి అర్థం రాయించాల్సిన పనిలేదు. ఒకసారి తరగతిలోకి వస్తూనే, "కిటికీ అద్దం పగలగొట్టిందెవరు?" అని గద్దించింది. నలభై తలలూ వంగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో వెనక్కి తిరిగి బోర్డు మీద రాసింది: నీళ్ళు నమలడం.

ఆ పాఠమే ఆమె మెడకు చుట్టుకుంది.

చేరిన ఏడాదే తనిఖీకొచ్చిన అధికారి నడవాలో పోతూ ఆ గది ముందు ఆగాడు. లోపలికొచ్చి గంటసేపు కదల్లేదు. పోతూ పోతూ రిజిస్టరులో అరపేజీ మెచ్చుకోలు రాశాడు. ఆ గంటలో ఆయన చూడాల్సిన ల్యాబు చూడలేదు. ల్యాబంటే మూడు పరీక్షనాళికలూ, ఒంటిచేతి అస్థిపంజరం బొమ్మా. బళ్ళో అందరూ పెద్దసారనే ప్రధానోపాధ్యాయుడికి ఆరోజు దారి దొరికింది. అప్పటినుంచీ బడికి ఎవరొచ్చినా నేరుగా ఆమె గదికే తీసుకొస్తాడు.

భర్త ఉన్న ఊరికి బదిలీ కావాలంటే దరఖాస్తు మీద పెద్దసారు సంతకం ఉండాలి.

"సార్, ఆ సంతకం..."

"పెడతానమ్మా, పెట్టనన్నానా? ఈ తనిఖీ ఒక్కటీ గట్టెక్కనీ."

గట్టెక్కాక మళ్ళీ వెళ్తే, "ఇంత చక్కగా గట్టెక్కించిన మనిషిని ఎవరైనా వదులుకుంటారా? నువ్వే చెప్పు!" అని నవ్వేవాడు. టీ తెప్పించేవాడు.

"ఆయన మంచివాడే. అదే నా ఖర్మ అన్నయ్యా. చెడ్డవాడైతే ఏనాడో పోట్లాడి తెంచుకునేదాన్ని."

పోనుపోను పాఠం కూడా బిగుసుకుపోయింది. తనిఖీ రోజుకి ఏ పిల్ల ఏ జాతీయం చెప్పాలో ముందే చీటీలు. అడిగితే అందరూ చెయ్యెత్తాలి. జవాబు తెలిసినవాళ్ళు కుడిచెయ్యి, తెలియనివాళ్ళు ఎడమచెయ్యి. ఆ కిటుకు పెద్దసారుది. పగలని అద్దం గురించి ఏటా అదే గద్దింపు. పిల్లలు కూడా, "టీచర్, ఇప్పుడు తలొంచుకోవాలా?" అని అడగడం మొదలెట్టారు.

నిరుడు ఒక ఆదివారం అన్నం తింటూ భర్త తనలో తనే నవ్వుకున్నాడు.

"ఎందుకండీ ఆ నవ్వు?"

"పక్కవాటాలోకి కొత్తాయన వచ్చాడే. 'ఆదివారం ఆదివారం మీ ఇంటికొచ్చే చుట్టం ఎవరండీ' అని అడిగాడు."

"మీరేమన్నారు?"

"దూరపు చుట్టం అన్నాను."

ఆమెకి నవ్వు రాలేదు. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. తిరుగుబస్సులో ఒక నిర్ణయానికొచ్చింది. పాఠమే కదా తనని కట్టేసింది, ఆ పాఠాన్నే చెడగొట్టాలి. చెడితే పెద్దసారుకి తనతో పనుండదు.

తనిఖీ రోజు వచ్చింది. కొత్త అధికారి పొడగరి. చిట్టచివరి బెంచీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ఇరుక్కుని కూర్చున్నాడు. పెద్దసారు గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇవాళ చీటీల్లేవు" అందామె. "కుడిచెయ్యీ ఎడమచెయ్యీ లేదు. తెలిసినవాళ్ళే ఎత్తండి." అని బోర్డు మీద, ఎన్నడూ చెప్పని జాతీయం ఒకటి రాసింది: అడకత్తెరలో పోకచెక్క. "అర్థం అక్కర్లేదు. సొంతవాక్యం కావాలి. నిజంగా మీదే అయ్యుండాలి."

ఒక్క చెయ్యీ లేవలేదు. పెద్దసారు మొహంలో కత్తివాటుకి నెత్తురుచుక్క లేదు. ఆమెకి మాత్రం లోపల ఏదో తేలికపడింది. అయిపోయింది, వదిలిపోయింది అనుకుంది.

"టీచర్, అడకత్తెరంటే?" ముందు బెంచీ పిల్ల అడిగింది. తరగతంతా ఆ పిల్లని వాగుడుకాయ అంటారు.

అడిగాక చెప్పకుండా ఉండటం ఆమెకి చేతకాదు. రెండు స్కేళ్ళ మధ్య రబ్బరుముక్క పెట్టి నొక్కి చూపించింది. "ఇదిగో. ఇటు జరిగినా నొక్కుడే, అటు జరిగినా నొక్కుడే."

"ఓ, ఇదా! అయితే మా ఇంట్లో నేనే టీచర్! అమ్మా నాన్నా మాట్లాడుకోరు. 'మీ నాన్నని తినమను' అంటుంది అమ్మ. 'ఆకల్లేదని చెప్పు' అంటాడు నాన్న. వంటింటికీ వరండాకీ మధ్య తిరగలేక చస్తున్నా. చివరికి తిట్లు నాకే!"

తరగతి గొల్లుమంది. వెనకనుంచి ఇంకొకడు లేచాడు. "మా అన్న సిగరెట్టు కాల్చాడు టీచర్. చెబితే అన్న తంతాడు. చెప్పకపోతే నాన్న ఇద్దర్నీ తంతాడు." ఇక చూడండి, కుడీ ఎడమా లేదు, రెండేసి చేతులు లేచాయి. ఒకడు బెంచీ ఎక్కాడు. చెడగొడదామనుకున్న పాఠం ఆమె కళ్ళముందే చెయ్యిజారి, తొమ్మిదేళ్ళలో ఎన్నడూ లేనంత బాగా కుదిరిపోయింది.

గోడవార మౌనంగా కూర్చునే పిల్ల ఒకతి ఉంది. నోట్లో నాలుక లేని పిల్ల అంటారు. ఆ పిల్ల మెల్లగా లేచింది. "టీచర్, మీది చెప్పండి."

ఆమె చేతిలో సుద్దముక్క విరిగింది. ఒకసారి గుమ్మం వైపు చూసింది.

"ఒక టీచరుంది. తొమ్మిదేళ్ళుగా ఒక్క సంతకం అడుగుతోంది. పాఠం బాగా చెబితే 'ఇంత మంచి టీచర్ని ఎలా వదులుతాం' అంటారు. చెడగొడితే 'ఇలాంటి టీచరు ఏ బడికి కావాలి' అంటారు. అటు ఇల్లు, ఇటు బడి. ఆ టీచరు అడకత్తెరలో పోకచెక్క."

చివరి మాటకి గొంతు వణికింది. అధికారి బెంచీలోంచి ఊడిపడ్డట్టు లేచి చప్పట్లు కొట్టాడు.

"భేష్! ఎంత సహజమైన ఉదాహరణ! గొంతులో వణుకు కూడా తెప్పించారే! పిల్లలూ, అందరూ రాసుకోండి!"

రాసుకున్నారు. పెద్దసారు తన బూట్ల వైపు చూస్తూ నిలబడ్డాడు. రిజిస్టరులో అధికారి రాసింది ఇది: 'ఈ తరగతిని ఆదర్శ తరగతిగా నిలపాలి. ఈ టీచరును ఇక్కడే కొనసాగించడం మంచిది.'

"పెనం మీంచి పొయ్యిలో పడ్డాను అన్నయ్యా. నిజం చెప్పినా ఉదాహరణ కిందే పోయింది."

ఆ శనివారం భర్త గుమ్మంలోనే అడిగాడు. "ఎలా జరిగిందే?"

"చాలా బాగా జరిగిందండీ."

"అయితే సంతకం లేదన్నమాట" అని సంచీ అందుకున్నాడు.

సంవత్సరాంత పరీక్షలో ఆ జాతీయం అడిగారు. నలభై ఒక్క పేపర్లు ఆమే దిద్దింది. ముప్ఫై తొమ్మిదిమంది ఒకటే రాశారు: ఒక టీచరుంది, తొమ్మిదేళ్ళుగా ఒక్క సంతకం అడుగుతోంది. అధికారి మెచ్చిన వాక్యం కదా మరి! తన బతుకునే ముప్ఫై తొమ్మిది దస్తూరీల్లో చదువుతూ, సంతకంలో సున్నా మరిచినచోట సున్నా పెడుతూ, రెండుకి రెండూ వేస్తూ పోయింది. వాగుడుకాయ తన వంటింటి గొడవే మళ్ళీ రాసింది. మిగిలిన ఒక్క పేపరు, నోట్లో నాలుక లేని పిల్లది.

'మా టీచరుకి సంతకం దొరకాలని రోజూ అనుకుంటాను. దొరికితే వెళ్ళిపోతుంది కాబట్టి దొరక్కూడదని కూడా రోజూ అనుకుంటాను. నేను అడకత్తెరలో పోకచెక్కను.'

ఆ పేపరుకి మార్కులు వెయ్యకుండానే, పదో దరఖాస్తుతో కలిపి పెద్దసారు బల్ల మీద పెట్టింది. ఆయన చదివాడు. కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ చదివాడు.

"ఆరోజు నాకు అర్థంకాలేదనుకున్నావా అమ్మా?"

"అర్థమైందనే అనుకున్నాను సార్."

"నువ్వు పోతే ఈ బడిని తీసుకెళ్ళి పక్కబడిలో కలిపేస్తారని నా భయం. ఆ భయాన్ని ఇన్నాళ్ళూ నీ నెత్తిన పెట్టాను." పెన్ను తీసి సంతకం పెట్టాడు. "అధికారి రాసింది సలహా. సంతకం మాత్రం నాది. తేదీ వెయ్యలేదు. ఎప్పుడంటే అప్పుడు నువ్వే వేసుకో."

అది జరిగి మూడు నెలలు. బళ్ళు తెరిచారు. ఆ కాయితం ప్లాస్టిక్ కవరులో, ఆమె సంచీ లోపలి జిప్పు అరలో ఉంది. భర్త ఒకసారే అడిగాడట. "అడకత్తెర ఇప్పుడు నీ చేతికే వచ్చింది కదే. ఇంకెవరి కోసం?"

"పోకచెక్క కూడా నేనే కదండీ" అందట.

పోయిన శనివారం బస్సులో ఆ కాయితం తీసి ఒళ్ళో పెట్టుకుంది. పెన్ను మూత తీసింది. తేదీ దగ్గర ముల్లు ఆనించి, "బస్సు ఊగుతోంది అన్నయ్యా, ఆగాక రాస్తాను" అంది. టీ కోసం బస్సు పది నిమిషాలు ఆగింది. అందరూ దిగారు. ఆమె దిగలేదు. నేను తిరిగొచ్చేసరికి కాయితం కవరులోకి వెళ్ళిపోయింది, పెన్నుకి మూత పడింది.

"ఇక్కడ వెలుతురు చాల్లేదు" అంది.

అప్పుడు సాయంత్రం నాలుగున్నర. ఎండ ఆమె ఒళ్ళోనే ఉంది.