సాల్వెంట్లు రెండు రకాలు

ఆ రోజుల్లో మా ఎమ్మిగనూరులో బీయస్సీ కెమిస్ట్రీ చదివినవాడికి ఉండే ఆశలు రెండే. ఒకటి బడిపంతులు ఉద్యోగం, రెండోది ఆదోని సాల్వెంటు. మిల్లులో వేరుశనగలు ఆడించగా మిగిలిన చెక్కలో ఇంకా కాస్త నూనె దాక్కుని ఉంటుంది కదా, ఏదో హెక్సేనట, అది పోసి దాన్ని కూడా రాబట్టే ఫ్యాక్టరీని మా వైపు అందరూ ‘సాల్వెంటు’ అనేవాళ్లు. ‘మా అల్లుడు సాల్వెంట్ల పని చేస్తాడు’, ‘సాల్వెంటు కాడ బస్సు దిగు’ అని చిన్నప్పటినుంచీ వింటూ పెరిగాను. కాలేజీలో మూడేళ్లు అదే మాట ‘దేన్నైనా తనలో కరిగించుకునే ద్రవం’ అని పుస్తకంలో చదివాను. కానీ ఆ సాల్వెంటుకూ ఈ సాల్వెంటుకూ ఏదో చుట్టరికం ఉందన్న సంగతి మాత్రం నా బుర్రకు తట్టలేదు. (సెకండ్ క్లాసులో పాసయ్యాను లెండి, అనుమానం వద్దు.)

అలాంటి నాకు ఆ ఫ్యాక్టరీ ల్యాబులో ఉద్యోగానికి పదిన్నరకల్లా ఇంటర్వ్యూకు రమ్మని కార్డు వచ్చింది. మా నాయనకు అప్పటికే కళ్లు మసకబారి, మగ్గం మీద తెగిన పోగు కనిపించడం మానేసింది. ఈ ఉద్యోగం రాకపోతే ఆయన బదులు నేను మగ్గంలో కూర్చోవాలి. నాకు ఆ పని రాదు. అందుకని బస్సెక్కింది మొదలు ఒకచోట కూర్చోలేక, గడియారం ఉన్న ప్రతివాణ్ణీ టైమెంతని అడుగుతూనే ఉన్నాను. కండక్టరుకు విసుగొచ్చి, “నువ్వు టైమడిగితే బస్సు జోరుగా పోతాదా అప్పా?” అన్నాడు. అది విన్నట్టే సగం దారిలో టైరు పంచరైంది. అందరూ చెట్టు నీడకు పోతే నేను మాత్రం తొందరగా కావాలని డ్రైవరుకు సాయం పోయాను. టైరయితే ఎక్కింది గానీ, గంజి పెట్టిన నా తెల్లచొక్కా మీద రూపాయి బిళ్లంత గ్రీజు మరక కూడా ఎక్కింది.

ఆదోనిలో దిగగానే కుళాయి దగ్గరికి పరుగెత్తి, నీళ్లు పోసి రుద్దాను. రూపాయి బిళ్ల అరచేయంత అయింది. మళ్లీ రుద్దాను. పక్కనే సైకిలు షాపులో చైను కడుగుతున్న ముసలి చాచా అది చూడలేకపోయినాడు.

“నీళ్లతో జిడ్డు యాడ పోతాదప్పా? ఇట్ల రా” అని, గుడ్డను కిరసనాయిలులో ముంచి నాలుగుసార్లు అద్దినాడు. మరక మాయం! ఆ సంతోషంలో ఒక చాయ్ తెప్పించుకున్నాను. తొందరలో గ్లాసు ఎత్తేసరికి సగం చాయ్ చొక్కా తాగింది. ఈసారి నాకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. చాచా గుడ్డ లాక్కుని, కిరసనాయిలుతో ఆ చాయ్ మరకను బరబరా రుద్దాను. అది చెక్కుచెదరలేదు.

చాచా తల పట్టుకున్నాడు. “జిడ్డుకేమో నీళ్లు పోస్తావు, చాయ్‌కేమో నూనె పోస్తావు. ఏం సదివినావప్పా నువ్వు?”

“కెమిస్ట్రీ” అన్నాను. ఆయన గుడ్డ వెనక్కి తీసుకుని మళ్లీ చైను కడుక్కోసాగాడు. పదీ ఇరవై అయింది. నీళ్లతో కడుక్కునే వ్యవధి లేక అలాగే పరుగెత్తాను.

లోపల ఇంటర్వ్యూ చేసే పెద్ద కెమిస్టు కోస్తా నుంచి కొత్తగా వచ్చిన మనిషి. నేను ఇంకా రొప్పుతూనే ఉన్నాను.

“సాల్వెంట్ అంటే ఏమిటయ్యా?” అన్నాడు.

“ఫ్యాక్టరీ సార్.”

“సరే. ఎన్ని రకాలు?”

“రెండు సార్. మీదొకటి, మార్కెట్ వెనకాల ఇంకొకటి.”

“ఓహో. రెండింటికీ తేడా?”

“దాంట్లో క్యాంటీను లేదంట సార్.”

ఆయన పెన్ను మూత పెట్టేశాడు. నా పని అయిపోయిందని నాకు అర్థమైంది. అంతలో ముక్కు ఎగబీల్చి, “ఏమిటీ కిరసనాయిలు కంపు? ఆ మరకేమిటి?” అన్నాడు. ఎలాగూ పోయిందే కదా అని గ్రీజు, నీళ్లు, చాచా, చాయ్ అన్నీ వరసగా ఏకరువు పెట్టాను. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయాను. పుస్తకంలో చదివిన రెండు రకాలూ అప్పుడు గుర్తొచ్చాయి. నీళ్లు పోలార్. చాయ్‌లో చక్కెరా ఆ రంగూ వాటి జాతివే, అందుకే నీళ్లలో కరుగుతాయి. గ్రీజూ కిరసనాయిలూ నాన్‌పోలార్, ఆ రెండూ ఒక జాతి. మరి చెక్కలో మిగిలిన నూనె?

“సార్!” అని కుర్చీలోంచి లేచి అరిచాను. “మీరు చెక్క మీద పోసే హెక్సేను కూడా ఆ జాతిదే కదా సార్! నూనెను కరిగించి పట్టుకొస్తుంది, చక్కెరా ఉప్పూ ఆడనే వదిలేస్తుంది. మీ ఫ్యాక్టరీ, మా చాచా గుడ్డ ఒకటే సార్! అందుకే దీన్ని సాల్వెంటు అంటాండారు!”

ఆయన నవ్వడం మొదలుపెట్టి చాలాసేపు ఆపలేదు. కళ్లు తుడుచుకుని, “సోమవారం వచ్చి చేరు. అప్పుడైనా వేరే చొక్కా వేసుకుని రావయ్యా” అన్నాడు.

“ఇంకొకటి లేదు సార్” అన్నాను.

ఆ రోజు నేను తడుముకోకుండా చెప్పిన సరైన జవాబు అదొక్కటే. ఇప్పుడు బీరువా తెరిస్తే చొక్కాలు మీద పడతాయి. ఎవరేమనుకుంటారోనని చూసుకోకుండా ఉన్న మాట ఉన్నట్టు అనేసిన ఆ కుర్రాడు మాత్రం ఈ నలభై ఏళ్లలో ఎప్పుడో కరిగిపోయాడు. దేంట్లో కరిగాడో, ఇంత కెమిస్ట్రీ చేసినా, నాకింకా తెలియలేదు.