కమల టీచర్ అడిగిన మంచినీళ్లు

ఈ ఉదయం వీధి తలుపు తీయగానే వరసగా మూడు తుమ్ములు వచ్చాయి. గాలి నిండా మిరప ఘాటు. కల్లాల్లో కాయ ఎండబోశారన్నమాట. ఏటా ఈ తుమ్ములతోనే నాకు కమల టీచర్ గుర్తుకొస్తారు.

మా తమ్ముడు సుబ్బారావుకి పుట్టుకతోనే బుద్ధి ఎదుగుదల తక్కువ. అమ్మ పోయాక వాడికి నేనే దిక్కయ్యాను. లెక్కల టీచరుగా పనిచేసి రిటైరైనదాన్ని. నాకూ వాడికీ పదకొండేళ్ల తేడా. నా తర్వాత వాడు ఒంటరిగా ఎన్నేళ్లు బతకాలో రోజూ మనసులో తీసివేత వేసుకునేదాన్ని. శేషం చూసి మళ్లీ మొదటినుంచి వేసేదాన్ని. అయినా వాడికి అన్నం కలిపిపెట్టడం, ఎవరేం అడిగినా వాడి బదులు జవాబు చెప్పడం, అన్నీ నేనే చేసేదాన్ని.

ఇలాంటివాళ్లకు పనులు నేర్పడానికి కమల టీచర్ గుంటూరు నుంచి ప్రతి గురువారం బస్సులో మా ఊరు వచ్చేవారు. మొదటిరోజు అరుగు మీద కూర్చుని, గొడుగు మడిచి, నా వైపు చూడకుండా, "సుబ్బారావు గారూ, కాసిని మంచినీళ్లు ఇస్తారా అండీ?" అన్నారు. ఊళ్లో వాణ్ణి పిచ్చోడా అని పిలిచినవాళ్లే గాని గారు అన్నవాళ్లు లేరు. నేను లేవబోయాను.

"మిమ్మల్ని అడగలేదమ్మా," అన్నారు.

లోపల బిందె మూత కింద పడిన చప్పుడైంది. ఆ తర్వాత ఎంతసేపటికీ ఏ చప్పుడూ లేదు. నాకు కూర్చోబుద్ధి కాలేదు. చివరికి వాడు చొక్కా తడుపుకుని సగం గ్లాసుతో వచ్చాడు. ఆవిడ ఆ సగమూ తాగి, చల్లగా ఉన్నాయని చెప్పారు. వాడు ఆ పూటంతా నవ్వుతూనే ఉన్నాడు.

ఆ వేసవిలో ఆవిడ కల్లం మేస్త్రి నాగమణితో మాట్లాడి, వాణ్ణి తాలు ఏరే పనిలో కూర్చోబెట్టారు. రంగు పోయి తెల్లబడిన కాయే తాలు. అది ఎర్రకాయలో కలిస్తే సరుకుకు ధర పడిపోతుంది. పనంతా ఒక్కసారే చెప్పేద్దామని నా తొందర. ఈ వారానికి తెల్లకాయ గుర్తుపడితే చాలునని ఆవిడ ఆపారు. వాడు గుర్తుపట్టాడు. కానీ రెండో వారం ఆ చేత్తోనే కళ్లు నులుముకున్నాడు. వాడి కేకలకి నేను పరుగెత్తి ఇంటికి లాక్కొచ్చేశాను. ఇక కల్లం మొహం చూడనివ్వనన్నాను.

గురువారం ఆవిడ వచ్చి అంతా విన్నారు.

"చిన్నప్పుడు మీకెప్పుడూ కళ్లు మండలేదా అండీ?"

"ఎందుకు మండలేదు, ఎన్నిసార్లో."

"మరి మీ వాళ్లు మిమ్మల్ని కల్లం మాన్పించారా?"

మర్నాడు వాణ్ణి నేనే కల్లానికి పంపాను. చెయ్యి కడిగాకే మొహం తాకాలన్న ఒక్క సంగతి నేర్పడానికి ఆవిడకు ఆ వేసవంతా పట్టింది.

పోయినేడు గుంటూరులో నాకు కంట్లో శుక్లాలు తీశారు. వారం రోజులు అక్కడే ఉండిపోయాను. వాడు నాగమణి ఇంట్లో తిని, ఆమెతోపాటే పనికి వెళ్లాడు. తిరిగొచ్చి నేరుగా కల్లానికి వెళ్లి వాడి పక్కన కూర్చున్నాను. ఊరికే ఉండలేక కాయలు కెలికాను. ఇంతలో ఆపరేషన్ చేసిన కన్ను దురద పెట్టి చెయ్యి దానంతటదే లేచింది. వాడు మణికట్టు పట్టుకున్నాడు.

"అక్కా, చెయ్యి. ముందు కడుగు."

లేచి వెళ్లి చెంబు తెచ్చి నీళ్లు పోశాడు. నాగమణి నవ్వింది. "మమ్మల్నీ వదలడు పంతులమ్మగారూ. సుబ్బారావు గారి చెంబు నీళ్లతో చెయ్యి కడగందే ఇక్కడ ఎవరం మొహం తుడుచుకోం."

కమల టీచర్ ఇప్పుడు సింగరాయకొండలో కూతురి దగ్గర ఉంటున్నారు. నేను తీసివేత ఇప్పటికీ వేస్తాను. శేషం తగ్గలేదు గాని, అన్నేళ్లూ వాడు ఒంటరివాడన్న మాట మాత్రం తప్పు లెక్క.

ఇందాక కరెంటు బిల్లు తీసే అతను మంచినీళ్లు అడిగాడు. నేను కదల్లేదు. లోపల బిందె మూత చప్పుడైంది. అతను తొందరగా గడియారం చూసుకున్నాడు.

"కూర్చోండి. మా తమ్ముడు తెస్తున్నాడు," అన్నాను.