మామ వంచిన రేకు బ్రాకెట్లు

రెండు రోజులుగా ముసురు. తిరుపతిలో మా కంప్యూటర్ రిపేరు అంగడి ముందు నీళ్లు నిలిచాయి. ఒక లాడ్జివాళ్ల పాత కంప్యూటర్‌లో చిన్న డిస్కు బిగిస్తుండగా ఆసుపత్రి నుంచి అత్త ఫోన్ చేసింది. మామ పోయాడు. అప్పటికి రెండు స్క్రూలు బిగించాను. మిగిలిన రెండూ బిగించాకే లేచాను. పని సగంలో వదిలి లేస్తే ఆయన ఊరుకునేవాడు కాదు.

ఆయన మా అమ్మకు తమ్ముడు. నాకు పని నేర్పినవాడు. మా పని తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. పాత కంప్యూటర్ పెట్టెల్లో డిస్కు పెట్టే అర పెద్దది. ఇప్పటి డిస్కులు చిన్నవి. అరలో అవి కదలకుండా ఉండాలంటే రేకు బ్రాకెట్టు కావాలి. బజారులో దొరుకుతుంది. మామ మాత్రం పనికిరాని పెట్టెల రేకులు కత్తిరించి, వంచి, అంచులు ఆకురాయితో అరగదీసి తానే చేసేవాడు.

"డిస్కు కూచోవాల, యాలాడకూడదు" అనేవాడు. మూత వేశాక పెట్టెను చెవి దగ్గరికెత్తి, కొబ్బరికాయలో నీళ్లు చూసినట్టు ఊపేవాడు. చప్పుడు లేకపోతేనే ఇచ్చేవాడు.

ఏడేళ్ల కిందట ఎండాకాలంలో, శ్రీకాళహస్తి నుంచి కలంకారీ పని చేసే ఆయన కంప్యూటర్ తెచ్చాడు. వాళ్ల నాయన గీసిన బొమ్మలన్నీ అందులోనే ఉన్నాయి. కాగితాలను చెదలు తినేశాయి. పాత డిస్కు ఆగిపోయేలా ఉంటే, బొమ్మలన్నీ కొత్త చిన్న డిస్కులోకి ఎక్కించాను. పాతది ఆ పూటే ఆగిపోయింది. మామ ఆ రోజు ఎవరిదో పెళ్లికని ఊరికి వెళ్లాడు. బ్రాకెట్లు అయిపోయాయి. నాకప్పటికే ముప్పై దాటాయి, తెలియక చేశానని చెప్పుకోలేను. డిస్కును టేపుతో అతికించి మూత వేశాను. ఊపి చూడలేదు.

మూడో రోజు కలంకారీ ఆయన పెట్టె మోసుకుని తిరిగొచ్చాడు. బస్సు వేడికి టేపు జిగురు కారి డిస్కు ఊడిపోయింది. ఊడిన సంగతి తెలియక ఇంట్లో దాన్ని నడిపాడు. డిస్కులో బొమ్మలు నిలిచే పళ్లెం గీసుకుపోయింది. ఒక్క బొమ్మా మిగల్లేదు.

మామ మూత తీసి చూశాడు. నావైపు చూడలేదు.

"తప్పు మాది సామీ" అన్నాడు.

కలంకారీ ఆయన వెళ్లాక మామ నన్నడిగాడు.

"టేపు యాడిదిరా?"

"అంగట్లోదే మామా."

"దాంతో గోడకు క్యాలెండర్ గూడా నిలవదు గదరా!"

మళ్లీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. మర్నాడు ఒక బ్రాకెట్టు చేసుకుని శ్రీకాళహస్తి వెళ్లి, కొత్త డిస్కు తానే బిగించి వచ్చాడు. కలంకారీ ఆయన గుర్తున్న బొమ్మలు మళ్లీ గీసుకున్నాడని తర్వాత విన్నాము. టేపు వేసింది నేనని మాత్రం ఆయనకు చెప్పలేకపోయాను.

మామ పోయిన మర్నాడు పదకొండు గంటలకు శ్మశానానికి తీసుకుపోయాము. తిరిగొచ్చేసరికి, కబురు తెలిసి వచ్చిన కలంకారీ ఆయన అంగట్లో కూర్చుని ఉన్నాడు. ఎదురుగా బ్రాకెట్ల డబ్బా. ఒకటి తీసి, అంచు మీద బొటనవేలు ఆనించి చూస్తున్నాడు.

"అన్నా, ఆ పొద్దు టేపేసింది నేను" అన్నాను.

"తెలుసులేప్పా. మీ మామ టేపేసే మనిషా?"

బ్రాకెట్టు అంచును మళ్లీ తడిమి, "ఆయన బిగించిన డిస్కు ఈ పొద్దుకీ కదల్లా" అన్నాడు.

బ్రాకెట్టును డబ్బాలో పెట్టాడు. నాలుగు గంటల బస్సుకు వెళ్లిపోయాడు.